ఇల్లు ఇద్దరి జీతం మీద కొనాలా, ఒక్క జీతం మీదా?

మీరు రాసిన వివరాలు ముందు ఒకచోట పెడతాను, నా సమాధానం చదివే మిగతావారికీ అర్థం కావాలి కదా. మీకు 30 ఏళ్లు, మీ వారికి 32. ఇద్దరూ ఐటీ ఉద్యోగులే. చేతికి వచ్చే జీతం ఆయనది 85,000, మీది 60,000, కలిపి 1,45,000. రెండేళ్ల బాబు. హైదరాబాద్ కొండాపూర్‌లో 28,000 అద్దెకు ఉంటున్నారు. ఖర్చులు పోను నెలకు 50,000 దాకా మిగులుతోంది, ఇప్పటికి 18 లక్షలు దాచారు. తెల్లాపూర్‌లో కడుతున్న పెద్ద టవర్లలో 1,650 చదరపు అడుగుల మూడు పడక గదుల ఫ్లాటు నచ్చింది, అడుగు 6,500 అంటున్నారు. బ్యాంకు 90 లక్షల దాకా రుణం ఇస్తానంది. తక్కువైన డబ్బు కోసం మీ మామగారు మిర్యాలగూడ దగ్గరి ఎకరన్నర పొలం అమ్ముతానంటున్నారు. ఈలోగా ఒక ఏజెంటు ప్రీలాంచ్‌లో (అనుమతులు రాకముందే జరిగే అమ్మకంలో) అడుగు 4,200కే ఇప్పిస్తానని, ఆదివారంలోగా 2 లక్షలు టోకెన్ కట్టమని రోజూ ఫోన్ చేస్తున్నాడు. మీరు చివర్లో అడిగిన మాట: "మా నాన్న గుమాస్తా జీతంతో ఇల్లు కట్టారు. ఇద్దరం సంపాదిస్తూ మేమెందుకు కొనలేకపోతున్నాం?"

నేను బ్యాంకులో గృహ రుణాల విభాగంలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. రుణం మంజూరు చేసే బల్లకు అటువైపు కూర్చున్నవాడిని కనుక అక్కడి నుంచి కనిపించిన సంగతులే చెబుతాను. సూటిగా నా అభిప్రాయం: ప్రీలాంచ్ జోలికి వెళ్లవద్దు. తెల్లాపూర్ ఫ్లాటు ఇప్పుడు మీ స్థోమతకు మించినది. పొలం అమ్మకం మీ ఇంటి అవసరంతో ముడిపెట్టకూడని విషయం. ఏడాదిన్నర, రెండేళ్లు ఆగి, పదేళ్లు దాటిన రీసేల్ ఫ్లాటు కొనుక్కోండి.

మొదట ఆ 6,500 సంగతి చూద్దాం. 1,650 అడుగులకు 1,07,25,000 అవుతుంది. మీరు ఈ అంకె దగ్గరే ఆగి లెక్క వేశారు. కాస్ట్ షీట్ రెండో పేజీ చూడండి. పై అంతస్తుకు అదనం, తూర్పు వాకిలికి అదనం, కారు పార్కింగ్, క్లబ్ హౌస్, కరెంటు, నీటి కనెక్షన్లు అంటూ మరో 8 లక్షలు తేలిగ్గా చేరుతాయి. అంటే 1,15,25,000. కడుతున్న ఇంటికి 5 శాతం జీఎస్టీ, 5.76 లక్షలు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము, మ్యుటేషన్ కలిపి సుమారు 7.6 శాతం, అది 8.76 లక్షలు. కార్పస్ ఫండ్ (భవనం కోసం అందరూ కట్టే ఉమ్మడి నిధి), ముందస్తు మెయింటెనెన్స్ కలిపి 2 లక్షలు. తాళం చేతికి వచ్చేసరికి గోడలు, తలుపులు, టాయిలెట్లు తప్ప ఏమీ ఉండవు కాబట్టి కప్‌బోర్డులు, వంటగది, ఫ్యాన్లు, దీపాలకు పొదుపుగా చేసినా 9 లక్షలు. మొత్తం దాదాపు 1.41 కోట్లు.

ఇప్పుడు రుణం. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల వరకు రుణమైతే ఇంటి విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల మధ్య అయితే 80 శాతం, 75 లక్షలు దాటితే 75 శాతమే ఇవ్వాలి. ఇలాంటి ఇళ్లకు స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను ఆ విలువలో కలపకూడదు. కాబట్టి మీకు 90 లక్షల అర్హత ఉందని బ్యాంకు అన్నా, ఈ ఫ్లాటు మీద వచ్చేది 86 లక్షల దగ్గర ఆగుతుంది. మిగతా 55 లక్షలు మీ చేతి నుంచి రావాలి. ఉన్నవి 18. ఆ తేడాను పూడ్చడానికే ఇప్పుడు పొలం పేరు వినిపిస్తోంది.

90 లక్షల అర్హత అన్న మాటనూ విప్పి చూడాలి. మీ జీతాల స్థాయిలో చేతికొచ్చే డబ్బులో సగం, కొన్నిచోట్ల 55 శాతం వరకు వాయిదాలకు పోవచ్చని బ్యాంకు అనుకుంటుంది. అది బ్యాంకుకు తన అప్పు తిరిగి వస్తుందా అన్న లెక్క. మీ బాబు బడి ఫీజు, మీ అత్తగారి మోకాలి ఆపరేషన్, రెండో బిడ్డ అందులో ఉండవు. దరఖాస్తుల మీద మేం ఇద్దరి పే స్లిప్పులు కూడి ఒక్క అంకె రాసేవాళ్లం. ఆ రెండో జీతం వచ్చే అయిదేళ్లు ఆగకుండా వస్తుందా అని అడిగే గడి ఏ ఫారంలోనూ ఉండేది కాదు.

ఆ గడి మీరు నింపుకోండి. 8 శాతం వడ్డీ, 20 ఏళ్ల కాలం అనుకుంటే లక్షకు నెల వాయిదా 836 రూపాయలు. 86 లక్షలకు 71,900 చిల్లర. ఇద్దరి జీతాలూ వస్తున్నంత కాలం ఇది సగమే. మీరు రెండో కాన్పుకో, పిల్లవాడి కోసమో ఏడాది ఉద్యోగం మానేశారనుకోండి, ఆయన 85,000లో వాయిదా పోను 13,000 మిగులుతుంది. ఆయన ఉద్యోగం పోయి ఆరు నెలలు పట్టిందనుకోండి, మీ జీతం వాయిదాకే చాలదు. ఐటీలో ఉన్నవారికి ఉద్యోగాల కోతల గురించి నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. వాయిదాలు తప్పిన ఖాతాల ఫైళ్లు తిరగేస్తే ఎక్కువగా కనిపించేది జల్సా చేసినవారి పేర్లు కాదు; రెండు జీతాల మీద అప్పు తీసుకుని ఒక్క జీతానికి దిగిపోయిన మంచి కుటుంబాలవి. అందుకే మీలాంటి వారికి నేను చెప్పే నియమం ఒక్కటే. ఇద్దరిలో పెద్ద జీతం ఏదో దానిలో సగానికి మించని వాయిదా పెట్టుకోండి. మీ విషయంలో అది 42,000. అంటే సుమారు 50 లక్షల రుణం.

వడ్డీ ఎప్పుడూ ఇదే ఉండదన్నది రెండో సంగతి. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ (వడ్డీ మారుతుండే) గృహ రుణాలను రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ, వంటి బయటి ప్రమాణానికి ముడిపెట్టారు. 2020 మే నుంచి రెండేళ్లు రెపో 4 శాతం ఉంది. అప్పుడు 6.75 శాతానికి రుణం తీసుకున్నవారు లక్షకు 760 చొప్పున కట్టారు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో 6.5కు చేరింది, వారి వడ్డీ 9.25 అయింది. రెండేళ్లు క్రమంగా కట్టినా లక్షలో ఇంకా 95,000 దాకా అసలు మిగిలే ఉంటుంది. దాని మీద కొత్త వడ్డీ ఒక్కటే నెలకు 730 దాటుతుంది. వాయిదా 760 దగ్గరే ఉంచితే అసలుకు జమయ్యేది ముప్ఫై రూపాయల లోపు, రుణం తీరడానికి మరో 35 ఏళ్లు. చాలామందికి ఆ సంగతి స్టేట్‌మెంట్ తీసుకున్న రోజున గానీ తెలియలేదు. 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు కల్పించుకుని, వడ్డీ మారినప్పుడు వాయిదా పెంచుకోవాలా, కాలం పెంచుకోవాలా, స్థిర వడ్డీకి మారాలా అన్నది రుణగ్రహీతను అడగాలని ఆదేశించింది. ఆ తర్వాత వడ్డీలు కొంత తగ్గాయి. మళ్లీ పెరగవని ఎవరూ రాసివ్వరు, 20 ఏళ్లంటే తక్కువ కాలం కాదు. మీ బడ్జెట్‌లో వడ్డీ రెండు శాతం పెరిగితే వాయిదా ఎంతవుతుందో ఒకసారి వేసి చూసి, అది కూడా మోయగలిగితేనే సంతకం పెట్టండి.

"అద్దె కట్టడం డబ్బు తగలేయడమే కదా" అని కూడా రాశారు. 86 లక్షల రుణానికి మొదటి నెల వడ్డీ 57,000 పైమాట. అదీ తిరిగి రాదు. పైగా 1,650 అడుగులకు మెయింటెనెన్స్ అయిదారు వేలు. మీ అద్దె 28,000. ఇంకా ఒకటి, కడుతున్న ఇల్లు చేతికి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అప్పటిదాకా అద్దె, బ్యాంకు విడుదల చేసిన రుణం మేరకు వడ్డీ రెండూ కట్టాలి. పన్ను మినహాయింపు గురించి ఏజెంటు చెప్పిన మాట పాత పద్ధతికి సంబంధించినది. కొత్త పన్ను పద్ధతిలో ఉన్నవారికి తాము నివసించే ఇంటి రుణ వడ్డీ మీద మినహాయింపు లేదు. మీరిద్దరూ ఏ పద్ధతిలో ఉన్నారో మీ కంపెనీలో అడిగి తెలుసుకోండి.

ఇక మీ నాన్నగారి మాట. మీలో లోపం వెతుక్కోకండి. ఆయన కట్టిన రోజుల్లో వడ్డీ ఇప్పటికంటే ఎక్కువే, 1990లలో చాలాకాలం 12 శాతానికి పైనే ఉండేది. తక్కువగా ఉన్నది నేల ధర. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ వంటివి ప్రభుత్వమే నేల సేకరించి, ఇళ్లు కట్టి, వాయిదాల మీద గుమాస్తాలకూ టీచర్లకూ ఇచ్చింది. ఆ తర్వాత ప్రభుత్వం ఆ పని నుంచి తప్పుకుంది. 2007లో మధ్యతరగతి కోసమని మొదలుపెట్టిన రాజీవ్ స్వగృహ బండ్లగూడ, పోచారం టవర్లు ఏళ్ల తరబడి మొండిగోడలుగా నిలబడి, 2022లో లాటరీ పద్ధతిలో అమ్ముడయ్యాయి. ఇంకోవైపు అదే ప్రభుత్వం నేలను వేలం వేస్తోంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్‌లో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. గజం రెండు లక్షల పైమాట. ఆ వార్త పట్టుకుని చుట్టుపక్కల ప్రతి నేల యజమానీ తన రేటు సవరించుకున్నాడు. మీరు చూసిన ఫ్లాటు మీ ఇద్దరి జీతంతో లెక్కిస్తే ఎనిమిదేళ్ల పూర్తి సంపాదన, తిండీ బట్టా ఖర్చు ఏమీ లేకుండా. మీ నాన్నగారిని ఆయన ఇల్లు ఎన్నేళ్ల జీతమో అడిగి చూడండి.

ప్రభుత్వ సాయం గురించి కూడా అడిగారు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో దశలో వడ్డీ రాయితీ ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకే, అదీ 35 లక్షల లోపు ఇంటికే. మీకు వర్తించదు. జీఎస్టీ 1 శాతమే పడే ఇల్లు 45 లక్షల లోపు, కార్పెట్ ఏరియా (గోడల లోపలి నేల) 60 చదరపు మీటర్ల లోపు ఉండాలి. 2019లో పెట్టిన పరిమితి అది. కొండాపూర్ చుట్టుపక్కల ఆ ధరకు కొత్త ఇల్లు చూపిస్తే నేనే కొంటాను.

ప్రీలాంచ్ దగ్గరకు వద్దాం, ఆదివారం దగ్గర పడుతోంది కాబట్టి. అడుగు 6,500 ఉన్నచోట 4,200కు ఎలా ఇస్తున్నారు? మొత్తం డబ్బు ముందే ఇమ్మంటారు. ఆ డబ్బుతో నేల కొంటారు, లేదా వెనకటి ప్రాజెక్టు అప్పు తీరుస్తారు. అనుమతులు ఆ తర్వాతి మాట. అంటే మీరు ఇంటికి కొనుగోలుదారు కాదు, హామీ పత్రం లేకుండా బిల్డరుకు అప్పిచ్చిన వడ్డీ వ్యాపారి. అందులోనూ వడ్డీ రాని వ్యాపారి. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లకు మించిన నేల గానీ, ఎనిమిదికి మించి ఫ్లాట్లు గానీ ఉన్న ప్రాజెక్టును రిజిస్టర్ చేయకుండా ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం నిషిద్ధం. రిజిస్టర్ అయ్యాక కూడా, అమ్మకపు ఒప్పందాన్ని రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. వసూలు చేసిన దానిలో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉంచాలి. మీ ఏజెంటు ఈ రక్షణలన్నీ వదులుకుంటేనే 4,200 అంటున్నాడు.

"యూడీఎస్ రిజిస్టర్ చేసి ఇస్తారు, నేల మీ పేరునే ఉంటుంది" అంటాడు. వినడానికి బాగుంటుంది. కానీ కొన్ని వందల మందితో కలిసి విభజించని నేలలో మీకు ఇరవై గజాల వాటా (అదే యూడీఎస్) ఉన్నట్లు కాగితం చేతికొస్తుంది. ఏ అంతస్తు, ఏ ఫ్లాటు అన్నది ఎక్కడా ఉండదు. భవనం లేవకపోతే ఆ వాటాను మీరు కంచె వేసుకోలేరు, అమ్ముకోలేరు. అనుమతి పొందిన ప్లాను లేనిదే బ్యాంకు గృహ రుణం ఇవ్వదు కాబట్టి ఆ డబ్బంతా బంగారం, వ్యక్తిగత రుణం, పొలం నుంచే రావాలి. మోసపోయాక రెరాకు వెళ్లవచ్చు, వడ్డీతో వాపసు ఇమ్మని ఆదేశమూ రావచ్చు. ఖాళీ అయిన కంపెనీ నుంచి వసూలు చేయడం వేరే యుద్ధం. హైదరాబాద్‌లో ఇలా ఇరుక్కుని అటు ఇల్లు లేక, ఇటు అద్దె తప్పక ఉన్న కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. టోకెన్ కట్టకండి. "వాపసు ఇచ్చేదే మేడమ్" అన్నా కట్టకండి.

పొలం గురించి కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి, ఇది లెక్కల విషయం మాత్రమే కాదు. సాగర్ ఎడమ కాలువ కింద రెండు పంటలు పండే భూమి అని రాశారు. మీ మామగారికీ అత్తగారికీ పింఛను లేదని కూడా రాశారు. అంటే ఆ కౌలే వాళ్ల పింఛను. దాన్ని తెల్లాపూర్‌లో క్లబ్ హౌస్‌కూ తూర్పు వాకిలికీ మార్చుకుంటే, అయిదేళ్ల తర్వాత వాళ్ల మందుల ఖర్చు మీ మీదే పడుతుంది, అప్పటికి మీ జీతంలో సగం వాయిదాకు పోతుంటుంది. ఇంకా ముఖ్యం, మీ ఆడపడుచు. ఆమెకు పెళ్లి కాలేదన్నారు. ఆ భూమి పిత్రార్జితమైతే కొడుకుతో సమానంగా కూతురికీ హక్కు ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి సవరణతోనే మొదలైంది, 2005లో దేశమంతటికీ వచ్చింది. మామగారి స్వార్జితమైతే ఆయన ఇష్టం, కానీ ఇంట్లో మనసులు చట్టం చదివి నడవవు. ఆమెకు తెలియకుండా, ఆమె వాటా మాట ఎత్తకుండా అమ్మి మీ ఇంట్లో పెడితే, ఆ ఇంటి గృహప్రవేశం నాడే కలతలు మొదలవుతాయి. మామగారు నిజంగా అమ్మదలచుకుంటే ముందు ఆ అమ్మాయితో కూర్చుని మాట్లాడి, కుటుంబ ఒప్పందం రాసుకుని, వాళ్ల వృద్ధాప్యానికి సగం పక్కన పెట్టాక మిగిలిన దాని గురించి ఆలోచించండి. గ్రామీణ వ్యవసాయ భూమి మీద లాభానికి పన్ను లేదన్నది నిజమే గానీ, మున్సిపాలిటీ హద్దు నుంచి జనాభాను బట్టి 2, 6, 8 కిలోమీటర్ల లోపు ఉంటే ఆ మినహాయింపు వర్తించదు. మీ భూమి మిర్యాలగూడకు ఎంత దూరమో ఆడిటర్‌కు చెప్పి అడగండి.

సరే, మరి ఏం కొనాలి? మియాపూర్, చందానగర్, హఫీజ్‌పేట, లింగంపల్లి వైపు పది, పన్నెండేళ్ల కిందట కట్టిన అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లు వందల్లో ఉన్నాయి. 1,100 అడుగుల రెండు పడక గదుల ఫ్లాటు 68 లక్షలకు దొరుకుతుందనుకుందాం. తెల్లాపూర్ టవర్‌లో 1,650 అన్నది సేలబుల్ ఏరియా. లిఫ్టులు, లాబీలు, క్లబ్ హౌస్ వాటా పోగా కాలు పెట్టగలిగే నేల అందులో మూడింట రెండు వంతులు, ఇంచుమించు 1,100. పాత చిన్న అపార్ట్‌మెంట్‌లో 1,100కు 850 దాకా వస్తుంది. కాగితం మీద తేడా 550 అడుగులు, ఇంట్లో 250. ధరలో తేడా సగం. పైగా చిన్న భవనంలో మీ వంతు నేల 40, 50 గజాలు ఉండవచ్చు. 2006లో 86వ నంబరు జీవోతో ఎఫ్ఎస్ఐ (నేలకు ఎన్ని రెట్లు కట్టవచ్చన్న) పరిమితి తీసేశాక టవర్లు ఎంత ఎత్తు లేస్తే ఒక్కొక్కరి వంతు నేల అంత చిక్కిపోయింది. భవనం పాతబడుతుంది, విలువ నిలబడేది నేలకే.

లెక్క ఇదీ. 68 లక్షలకు రుణం 50, వాయిదా 41,800. మీరు పెట్టాల్సింది 18 లక్షలు, రిజిస్ట్రేషన్ 5.2, బ్రోకరు కమీషను 70 వేలు, రంగులు, వంటగది, కొత్త వైరింగ్‌కు 3, కలిపి 27. పూర్తయిన ఇల్లు కాబట్టి జీఎస్టీ లేదు. ఉన్న 18 లక్షలకు నెలకు 50,000 చొప్పున రెండేళ్లు కలిస్తే 30 దాటుతుంది, ఆపద కోసం మూడు లక్షలు అంటకుండా మిగులుతాయి. ఈ రెండేళ్లలో ధర అయిదు లక్షలు పెరిగితే? పెరగవచ్చు. జీతాలు, బోనస్‌లు కూడా కొంత పెరుగుతాయి, రుణం 54 లక్షల దాకా తీసుకునే వీలూ ఉంది. పదేళ్ల భవనం ధర టవరు ధరలా పరుగెత్తదు, అది మీకు ఇప్పుడు మేలే. కొన్నాక ఇద్దరి జీతాలూ వస్తున్న రోజుల్లో వాయిదాకు అదనంగా నెలకు 15,000 కట్టండి. 20 ఏళ్ల రుణం 11 ఏళ్లకు తీరుతుంది. ఫ్లోటింగ్ రుణాన్ని ముందే కట్టినందుకు జరిమానా వసూలు చేయకూడదని నిబంధన ఉంది. ఒక జీతం ఆగిన రోజున ఆ 15,000 ఆపేస్తే చాలు, ఎవరినీ బతిమాలనక్కర్లేదు.

వాస్తు మీద మీ అత్తగారితో వాదన పెట్టుకోమని నేను చెప్పను. కానీ రీసేల్‌లో పడమర వాకిలి ఫ్లాట్లకు బేరగాళ్లు తక్కువ, బేరానికి చోటు ఎక్కువ. పడమర వాకిలి దోషమేమీ కాదని చెప్పే సిద్ధాంతులూ ఉన్నారు, అత్తగారి చేతే ఒకరిని అడిగించండి.

పాత ఫ్లాటులో చూడవలసినవి ఎక్కువే. బీరంగూడ, అమీన్‌పూర్ వైపు మరీ చవకగా కనిపిస్తే ముందు అనుమతి పత్రం అడగండి. పంచాయతీ అనుమతితో రెండంతస్తులకు తీసుకుని అయిదు వేసినవి ఉన్నాయి, వాటికి సరైన బ్యాంకు రుణం ఇవ్వదు, రేపు మీరు అమ్మాలన్నా అదే చిక్కు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ, ప్లాను ప్రకారం కట్టారని మున్సిపాలిటీ ఇచ్చే పత్రం) లేనిదే ముందుకు వెళ్లవద్దు. 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాల జాబితా) తీయండి, లింకు డాక్యుమెంట్లు (వెనకటి అమ్మకాల పత్రాలు) వరుసగా కలుస్తున్నాయో లాయరుకు చూపండి. ఇక్కడ చాలామందికి తెలియని ఒక మెలిక ఉంది. అనుమతి ఇచ్చేటప్పుడు కట్టడంలో 10 శాతం భాగాన్ని మున్సిపల్ అధికారులు తమ పేరున తనఖా పెట్టించుకుంటారు, ఓసీ వచ్చాకే విడుదల చేస్తారు. బిల్డరు ఓసీ తీసుకోకుండా ఆ తనఖా ఫ్లాట్లనే అమ్మేసిన సందర్భాలు ఉన్నాయి. మీది వాటిలో ఒకటి కాదని ప్లాను, ఈసీ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. చెరువు దగ్గర ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు చేరే హద్దు), దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్ హద్దులు నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ పటాల్లో చూడండి. పది హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్ల బఫర్. 2024 సెప్టెంబరులో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా అమీన్‌పూర్, కూకట్‌పల్లి వైపు కూల్చివేతలు చేసినప్పుడు తమ కాగితాలన్నీ సరిగానే ఉన్నాయని నమ్మినవారూ వీధిన పడ్డారు. ఏప్రిల్ నెలలో ఒకసారి వెళ్లి వాచ్‌మన్‌ను నీళ్ల సంగతి అడగండి. మంజీరా నీరు ఎన్ని రోజులకోసారి వస్తుంది, వేసవిలో ట్యాంకర్లకు ఎంత అవుతుంది అన్నది అతను చెప్పినంత నిజంగా ఓనరు చెప్పడు.

హైదరాబాద్‌లో పాత ఫ్లాట్ల యజమానులు చాలామంది అమెరికాలో ఉంటారు. విక్రేత ప్రవాస భారతీయుడైతే, 50 లక్షలు, ఆ పైన విలువైన ఇంటికి కొనేవారు మామూలుగా కోసే 1 శాతం టీడీఎస్ (ముందస్తు పన్ను కోత) చాలదు; మూలధన లాభం రేటు ప్రకారం చాలా ఎక్కువ కోసి కట్టాలి, కట్టకపోతే నోటీసు మీకు వస్తుంది. ఆయన తరఫున తమ్ముడో మామయ్యో సంతకం పెడుతుంటే ఆ పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడి రిజిస్ట్రార్ దగ్గర ధ్రువీకరణ అయిందో లేదో చూడండి.

మీరు అడగకపోయినా ఒక మాట. రుణ పత్రాల మీద మీ సంతకం తప్పనిసరిగా అడుగుతారు, మీ జీతం కలిస్తేనే రుణం వస్తుంది కాబట్టి. సేల్ డీడ్ మీద మీ పేరు అడిగేవారు ఉండరు. అప్పుకు బాధ్యులై, ఇంటికి హక్కుదారు కాని స్త్రీలను నా బల్ల ముందు చాలామందిని చూశాను. ఇద్దరి పేర్లూ రాయించండి, వాటా ఎంతో కూడా రాయించండి. అలాగే రుణంతో పాటు ఒకేసారి ప్రీమియం కట్టే బీమాను అంటగడతారు, ఆ ప్రీమియాన్ని కూడా రుణంలో కలుపుతారు. తప్పనిసరి కాదు. ఇద్దరూ విడిగా టర్మ్ పాలసీ తీసుకుంటే చాలా చవక.

నచ్చిన ఫ్లాటు దొరికాక విక్రేత కూడా టోకెన్ అడుగుతాడు. లక్షకు మించవద్దు, నగదు వద్దు, చెక్కు లేదా బ్యాంకు బదిలీ. రసీదులో ఈ వాక్యం రాయించండి: "కొనుగోలుదారు బ్యాంకు న్యాయ పరిశీలనలో, విలువ మదింపులో ఈ ఆస్తిని తిరస్కరిస్తే, టోకెన్ సొమ్మును పదిహేను రోజుల్లో పూర్తిగా తిరిగి ఇస్తాను." సంతకం పెట్టడానికి తటపటాయించాడంటే కాగితాల్లో ఏదో ఉంది, ఇంకో ఫ్లాటు చూసుకోండి.